సముద్రం అడుగు బురద కడిగిన రెండు నెలలు

ముంబైలో ఓడ దిగి ఇవాళ్టికి మూడు వారాలు, ఇది 2015 జూన్. ఇప్పటికీ రాత్రి పదకొండున్నరకి టంచనుగా మెలకువ వచ్చేస్తోంది, డ్యూటీకి వేళైందని. లేచి కూర్చుంటే మంచం కదలదు. అదే వింతగా ఉంది.

మా డిపార్ట్‌మెంట్ పిల్లలు ఇద్దరు ముగ్గురు "అక్కా, ఎలా వెళ్లాలి, అక్కడేం చేయిస్తారు" అని మెసేజ్‌లు పెడుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసిపెడుతున్నాను. నేను వెళ్లింది ఐఓడీపీ 355వ ఎక్స్‌పెడిషన్. ఐఓడీపీ అంటే చాలా దేశాలు కలిసి సముద్రం అడుగుని తొలిచి పరిశోధించే కార్యక్రమం. ఓడ పేరు జాయిడెస్ రిజల్యూషన్. అరేబియా సముద్రంలో లక్ష్మీ బేసిన్ అనే చోట సముద్రం అడుగుని తొలిచి మట్టి తీశాం. 2015 మార్చి 31న కొలంబోలో మొదలై మే 31న ముంబైలో ముగిసింది. నా పని ఫోరాలు చూడటం. ఇసుక రేణువంత సున్నపు గుల్ల కట్టుకుని బతికే ఏకకణ జీవులవి. చచ్చాక ఆ గుల్లలు అడుగుకి రాలి బురదలో మిగిలిపోతాయి. ఏ పొరలో ఏ రకం గుల్ల ఉందో చూసి ఆ పొర వయసు చెప్పాలి.

నా దరఖాస్తు గోవాలోని జాతీయ అంటార్కిటిక్, సముద్ర పరిశోధన కేంద్రం ద్వారా వెళ్లింది. మన దేశం తరఫున ఈ కార్యక్రమం చూసింది వాళ్లే. ఏం పరిశోధన చేస్తావో రెండు పేజీలు, మా గైడు గారి ఉత్తరం, నా బయోడేటా. అంతే. పంపాక నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. రాదులే అనుకుని వదిలేశాక, 2014 జులైలో ఆహ్వానం వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే నాన్న "ఎన్నాళ్లు?" అన్నారు. అమ్మ "ఆడపిల్లలు ఇంకెవరన్నా ఉంటారా?" అంది. ఉంటారమ్మా, చాలామంది ఉంటారు అన్నాను. అప్పటికి నాకూ తెలీదు. తీరా చూస్తే నిజంగానే చాలామంది ఉన్నారు.

అసలు తిప్పలు వైద్య పరీక్షల దగ్గర. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఆ ఫారం నిండా ఈసీజీ, రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, కంటి చూపు, వినికిడి, ఆఖరికి పళ్లు కూడా. నడి సముద్రంలో పన్ను పోటెత్తితే ఒడ్డుకి తీసుకెళ్లడానికి రోజులు పడుతుందని వాళ్ల భయం. నాకు కుడివైపు దవడ పన్ను లోపల పుచ్చి ఉందని అప్పుడే తెలిసింది. రూట్ కెనాల్‌కి 6,500, మిగతా పరీక్షలకి 4,200, మొత్తం నా జేబులోంచే. పైగా మేం వెళ్లిన ఆసుపత్రిలో డాక్టరు గారు సంతకం పెట్టి సీలు వేయడం మర్చిపోయారు. ఫారం తిరిగొచ్చింది. మళ్లీ వెళ్తే ఆయన సెలవులో ఉన్నారు. ఒక్క సీలు కోసం పంతొమ్మిది రోజులు. వెళ్లేవాళ్లు కనీసం మూడు నెలల ముందు పంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఫారంలో ప్రతి పేజీకీ సీలు అక్కడికక్కడే వేయించుకోండి.

విమానం టికెట్టు, దినబత్తెం కార్యక్రమం వాళ్లే ఇచ్చారు. ఓడలో తిండికీ మంచానికీ బట్టలుతకడానికీ పైసా ఖర్చు లేదు. నేను కొన్నదల్లా ఉక్కు ముక్కు ఉండే సేఫ్టీ బూట్లు. మా ఊళ్లో ఆడవాళ్ల సైజు దొరకలేదు. మగపిల్లల సైజు కొని, లోపల రెండు జతల మేజోళ్లు వేసుకుని రెండు నెలలు లాగించాను. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా చెన్నైలో దిగేసరికి మూత వదులై ఒక చొక్కాని నూనెలో ముంచింది. మిగిలిన ఆవకాయ మాత్రం ఓడలో బంగారమైంది.

ఎక్కాక నాలుగైదు రోజులు కొలంబో రేవులోనే. సరుకులు ఎక్కించడం, పాత జట్టు కొత్త జట్టుకి అప్పజెప్పడం, లైఫ్‌బోట్ల దగ్గర డ్రిల్లు. ఓడ పొడవు 143 మీటర్లు. నడిమధ్యలో తాటిచెట్ల మీద తాటిచెట్లు నిలబెట్టినంత ఎత్తున డెరిక్, అంటే డ్రిల్లు పైపులు దించే ఉక్కు గోపురం. 1978లో చమురు వెతకడానికి కట్టిన ఓడ ఇది, 1985లో సైన్సు పనిలోకి వచ్చింది. ఆ వయసు మెట్ల దగ్గరా గోడల దగ్గరా తెలుస్తూనే ఉండేది. ల్యాబులు మాత్రం అంతస్తుల మీద అంతస్తులు, ఏ యూనివర్సిటీకీ తీసిపోవు.

గదికి ఇద్దరం, కానీ ఒకరు రాత్రి షిఫ్టు, ఒకరు పగటి షిఫ్టు. నాది అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా. మా గదిలో ఉన్నమ్మాయిని రెండు నెలల్లో మెలకువగా చూసింది తక్కువ. అద్దం మీద చీటీలు అంటించి మాట్లాడుకున్నాం. "షాంపూ వాడుకో." "నీ అలారం ఆఫ్ చేశాను, సారీ." ఇలా.

ఇంకో ఇబ్బంది పిలుపులతో. అక్కడ అందరూ ఒకర్నొకరు పేరు పెట్టే పిలుచుకుంటారు. మా షిఫ్టులో నానోఫాసిల్స్ (ఫోరాల కంటే చాలా చిన్నవైన నాచు జీవుల సున్నపు శిలాజాలు) చూసే ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, ఇది ఆవిడకి నాలుగో ప్రయాణం. వారం రోజుల దాకా మేడమ్ అనే పిలిచాను. ఎనిమిదో రోజు ఆవిడ నవ్వుతూ, ఇంకోసారి అలా పిలిస్తే నీ జల్లెడలు నేను కడగను అంది. అప్పుడు పేరుతో పిలిచాను, నాలుక మీద ఉప్పుగల్లు పెట్టుకున్నట్టు.

నాలుగు రోజులు ప్రయాణం చేసి, ఏప్రిల్ రెండో వారంలో యు1456 అనే మొదటి చోటికి చేరాం. నీటి లోతు దాదాపు 3,640 మీటర్లు. లంగరు లేదు. ఓడ అడుగునున్న థ్రస్టర్లు అటూ ఇటూ నెడుతూ దాన్ని కదలకుండా ఆపుతాయి. ఆ చప్పుడు మంచంలోంచి ఎముకల్లోకి వస్తుంది. పైపు గొలుసులా ఒక్కో ముక్కా కలుపుతూ అంత లోతుకి దించడానికే గంటలకి గంటలు పట్టింది. మాకేం పని లేదు. బిస్కెట్లు తింటూ, రిపోర్టులో పద్ధతుల అధ్యాయం రాస్తూ కూర్చున్నాం. రాత పని ఇంత ఉంటుందని నేను అనుకోలేదు. పదిలో నాలుగు గంటలు మైక్రోస్కోపు, ఆరు గంటలు కీబోర్డు.

కోర్ అంటే గొట్టంతో సహా తొలిచి తీసిన మట్టి కడ్డీ. మైకులో "కోర్ ఆన్ డెక్!" అని వినపడిన మొదటిసారి గుండె గబగబా కొట్టుకుంది. హెల్మెట్, కళ్లద్దాలు పెట్టుకుని బయటికి పరిగెత్తాను. డ్రిల్లింగు వాళ్లు తొమ్మిదిన్నర మీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని పాముని మోసినట్టు మోసుకొచ్చి టెక్నీషియన్ల చేతిలో పెట్టారు. దాన్ని మీటరున్నర ముక్కలుగా కోసి, పై కొసకి నీలం మూత, కింది కొసకి రంగులేని మూత. ఆ మూతల రంగు తారుమారైతే కాలమే తారుమారు. గొట్టం అడుగున కోర్ క్యాచర్ అనే చిన్న ముక్క ఉంటుంది, మట్టి జారిపోకుండా పట్టుకునేది. అందులో ఇరుక్కున్న మట్టి మా వాటా. మిగతా కోర్ నిలువుగా రెండుగా చీలాలన్నా, దాన్ని వర్ణించాలన్నా ఇంకా గంటలు కావాలి. అప్పటిదాకా ఓడలో అందరూ మా మొహాలే చూస్తారు, వయసెంతా అని.

బయట ఏప్రిల్ ఉక్కపోత. చేతిలో పెట్టిన బురద మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగులా చల్లగా ఉంది. అంత లోతున నీళ్లు రెండు డిగ్రీల దగ్గరే ఉంటాయి. చదువుకున్న విషయమే, చేతికి తగిలేదాకా తెలియలేదు. ఆకుపచ్చ తిరిగిన బూడిద రంగు, వేళ్ల మధ్య వెన్నలా జారింది. మాది కోనసీమ. ఒండ్రుమట్టి నాకు కొత్త కాదు. కానీ ఇది గోదారి మట్టి కాదు, హిమాలయాల నుంచి సింధునది మోసుకొచ్చిన మట్టి.

ఇక పని. నానోఫాసిల్స్ వాళ్లది మహా సుఖం. పళ్లపుల్ల కొసతో చిటికెడు మట్టి తీసి, గాజు మీద నీటి చుక్కతో పూసి, వేడి పలక మీద ఆరబెట్టి, జిగురుతో మూసి, అతినీలలోహిత దీపం కింద పెడితే అయిపోయింది. పది నిమిషాల్లో వయసు చెప్పేస్తారు. మేం మట్టి నానబెట్టాలి, 63 మైక్రాన్ల జల్లెడలో బురద పోయేదాకా కడగాలి, మిగిలిన ఇసుకని ఓవెన్‌లో ఆరబెట్టాలి, నల్ల పళ్లెంలో పరచి, తడిపిన మూడు సున్నాల (బాగా సన్నటి) కుంచెతో ఒక్కో గుల్లనీ ఏరి స్లైడు మీద అంటించాలి. నేను నా సమాధానం తీసుకుని వెళ్లేసరికి బోర్డు మీద నానో వాళ్ల అంకె ఎప్పుడో ఎక్కి ఉంటుంది. తర్వాత ఈమెయిల్లో ఈ ఏరుడు సంగతి రాస్తే అమ్మ జవాబు: "బియ్యం ఏరడానికి ఓడెక్కాలా?"

రెండో రోజు రాత్రి మొదటి గులాబీ గుల్ల దొరికింది. గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అనే రకంలో గులాబీ రంగుది హిందూ మహాసముద్రంలో 1,20,000 ఏళ్ల కిందటే కనుమరుగైంది. అట్లాంటిక్‌లో ఇప్పటికీ ఉంది. పైన ఉన్న పొరల్లో అన్నీ తెల్లవే. ఆ రాత్రి తెల్లటి గుల్లల నడుమ ఒక్కటి, లేత దానిమ్మ గింజ రంగులో. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఒళ్లు ఝల్లుమంది. నానో ఆవిడని పిలిచి చూపించాను. చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసింది. వాళ్లకి రంగులుండవు పాపం, అంతా నలుపు తెలుపే.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

ఒక నమూనా కడిగాక జల్లెడని మెథిలీన్ బ్లూ అనే నీలం రంగు నీళ్లలో ముంచాలి. కంతల్లో ఇరుక్కున్న పాత గుల్ల ఏదన్నా ఉంటే నీలంగా మారుతుంది. తర్వాతి నమూనాలో నీలం గుల్ల కనబడితే అది పాతదని తెలిసిపోతుంది. చాదస్తంలా అనిపిస్తుంది. గంటకో కోర్ వస్తున్నప్పుడు మరీను.

ఏప్రిల్ చివరి వారం, తెల్లవారుజామున మూడు. వరసగా ఐదు కోర్లు పేరుకుపోయి ఉన్నాయి. చేతులు నీళ్లలో నానీ నానీ ముడతలు పడ్డాయి. ఒక్కసారికి ఏం కాదులే అని జల్లెడని మామూలు నీళ్లతో విదిలించి తర్వాతి మట్టి పోశాను. ఆ నమూనాలో గ్లోబోరొటాలియా ట్రంకాట్యులినాయిడిస్ ఒకటి కనబడింది. ఒక వైపు బల్లపరుపు, ఇంకో వైపు కొండలా కోసుగా ఉంటుంది, పొరబడే అవకాశమే లేదు. ఈ సముద్రాల్లో అది కనబడటం మొదలైందే దాదాపు 19 లక్షల 30 వేల ఏళ్ల కిందట. కాబట్టి ఆ పొర అంతకంటే పాతది కాకూడదు. నానో ఆవిడ స్లైడులోనేమో డిస్కోయాస్టర్ పెంటారేడియాటస్, ఐదు రేకుల నక్షత్రాలు, కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. అవి దాదాపు 24 లక్షల ఏళ్ల కిందటే పోయాయి.

సింధు మట్టిలో ఇలాంటి గొడవ మామూలే. ఎక్కడెక్కడివో పాత పొరలు కోసుకుని, కోట్ల ఏళ్ల నాటి నానోలని కూడా ఏరు మోసుకొచ్చి కొత్త మట్టిలో కలిపేస్తుంది. పాతవి కొత్తలోకి రావచ్చు, కొత్తవి పాతలోకి వెళ్లలేవు. అందుకని ఎప్పుడూ అన్నిటికంటే చిన్న వయసుదే మాట నెగ్గుతుంది. ఆ సూత్రం చెప్పి వాదించాను. మీ నక్షత్రాలు కొట్టుకొచ్చినవి, నాది అసలుది అని. ఇంగ్లీషులో అంత గట్టిగా, నాకంటే పెద్దావిడతో, మాట్లాడటం అదే మొదలు. ఆవిడ కాదనలేదు. నా అంకెని నేనే బోర్డు మీద రాశాను.

మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు అందరూ కూర్చుని లెక్కలు చూసుకుంటారు. వయసుకీ లోతుకీ గీసిన గీత నా చుక్క దగ్గర మోకాలు విరిగినట్టు వంగింది. అయస్కాంత దిశలు కొలిచే వాళ్ల లెక్క కూడా నానోల వైపే ఉంది. అప్పుడు ఆవిడ గట్టిగా కాదు, నాకు మాత్రమే వినపడేలా ఒక్క ప్రశ్న వేసింది: ముందు నమూనా తర్వాత నీలం వేశావా?

నా మొహంలో నెత్తురు చుక్క లేదు. అబద్ధం చెప్పొచ్చు, ఎవరికీ తెలీదు. వేయలేదు అన్నాను. షిఫ్టు అయిపోయినా పడుకోకుండా, మిగిలిన మట్టిని నీలం వేసిన జల్లెడలో మళ్లీ కడిగాను. ఆరబెట్టి, పళ్లేలకి పళ్లేలు తిరగేశాను. ట్రంకాట్యులినాయిడిస్ ఒక్కటీ లేదు. సాయంత్రం నాలుగింటికి వెళ్లి నా అంకె చెరిపేశాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందుకే ఆ పూట నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లేసరికి సింకు పక్కన నీలం గిన్నె నిండుగా కలిపి పెట్టి ఉంది. ఆవిడే కలిపింది.

మే అంతా వేరే రకం పరీక్ష. లోతుకి వెళ్లేకొద్దీ మట్టి రాయైంది. నానబెట్టినా విడదు, సుత్తితో కొట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, బుడగలు వస్తుంటే కాపలా కాయాలి. ఇంత చేస్తే లోపల ఇసుక, అభ్రకం, అంతే. ఫారంలో "బ్యారెన్" అని రాయాలి. వరసగా మూడు రోజులు ఆ మాటే రాశాను. గుల్లలు లేవని చెప్పడం కూడా ఫలితమే అని అందరూ అంటారు గానీ, పన్నెండు గంటలు కళ్లు పొడుచుకున్నాక అది కడుపు నింపదు.

ఆ తర్వాత 300 మీటర్లకి పైగా మందాన ఒక గందరగోళం తగిలింది. ఎప్పుడో ఒడ్డు వైపు వాలు మొత్తం ఒక్కసారిగా జారి ఇక్కడ వచ్చి పడింది. సున్నపురాతి పెళ్లలు, తీరం దగ్గర లోతులేని నీళ్లలో మాత్రమే బతికే గుల్లలు, రకరకాల వయసులవి, అన్నీ కలిసిపోయి. చదవడానికి ఒక్కో పేజీ ఒక్కో పుస్తకంలోది. విచిత్రంగా, ఎక్కువ నవ్వుకుంటూ పనిచేసింది ఆ రోజుల్లోనే. ఎవరికీ వయసు తెలీదు కాబట్టి ఎవరూ తప్పు కాదు.

రెండో చోటు యు1457లో మే చివర్లో దాదాపు 1,090 మీటర్ల దగ్గర సముద్రగర్భపు అగ్నిశిల తగిలింది. దాని మీద ఆనుకుని ఉన్న పొర పేలియోసీన్ తొలినాళ్లదని నానో వాళ్లు తేల్చారు. ఆరు కోట్ల ఏళ్లకి పైమాటే. మన దక్కను నల్లరాయి లావాగా పారిన కాలానికి కాస్త ఇటు. ఈసారి అంకె బోర్డు మీద రాసింది ఆవిడ, చప్పట్లు కొట్టింది నేను. నా వాటా ముక్క జల్లెడలో ఏమీ మిగల్లేదు.

తిండి గురించి అందరూ అడుగుతారు. రోజుకి నాలుగు భోజనాలు, అర్ధరాత్రిది కూడా. వంటవాళ్లు ఫిలిప్పీన్స్ వాళ్లు, కాబట్టి అన్నం ఎప్పుడూ ఉండేది. మందు చుక్క ఉండేది కాదు. ఆవకాయని మొదట అనుమానంగా చూసినవాళ్లే మే నెలకి గుడ్డు మీద వేసుకుని తిన్నారు. ఇంటర్నెట్ నత్తనడక, వీడియో కాల్ ఆశే లేదు. తలతిరుగుడు నాకు రెండు రోజులే. ఏప్రిల్, మే నెలల్లో అరేబియా సముద్రం చెరువులా ఉంటుంది. అన్ని ప్రయాణాలూ అలా ఉండవని పాతకాపులు చెప్పారు.

దిగేటప్పుడు నమూనాలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటారని మా వాళ్ల ఊహ. కోర్లన్నీ జపాన్‌లో కొచ్చి కోర్ సెంటర్‌కి వెళ్తాయి. హిందూ మహాసముద్రం కోర్లు ఉండేది అక్కడే. "కొచ్చి అంటే దగ్గరే కదా, రైల్లో వెళ్లిరావచ్చు" అన్నారు నాన్న. కేరళ కొచ్చి కాదు నాన్నా అని మ్యాప్ చూపించాను. నేను అడిగిన నమూనాలు అక్కడి నుంచి రావాలి. గ్లోబిజెరినా బుల్లాయిడిస్ లెక్కపెట్టాలి. నైరుతి గాలులు గట్టిగా వీచి కింది నీళ్లు పైకి తేలినప్పుడు అరేబియా సముద్రంలో విపరీతంగా పెరిగే గుల్ల అది. ఏడాది పాటు ఆ సమాచారం, నమూనాలు ఓడలో ఉన్నవాళ్లకి మాత్రమే. ఆ తర్వాత ఎవరైనా అడగొచ్చు, కాబట్టి నా దగ్గరున్నది ఏడాది.

వైద్య పరీక్షల డబ్బు ఇంకా రాలేదు. యూనివర్సిటీలో సెక్షన్ గుమస్తా గారు ఒరిజినల్ రశీదు కావాలన్నారు. అది ఓడ వాళ్లకి పంపిన ఫారంతో పాటు వెళ్లిపోయింది. పంటి డాక్టరు గారి దగ్గర డూప్లికేట్ రాయించుకుని ఇస్తే, డూప్లికేట్ అని ఎర్ర సిరాతో రాసి ఉంది కాబట్టి చెల్లదట.

అమ్మకి తెచ్చింది ఒక్కటే. కెమెరాని అడుగుకి దించేటప్పుడు దాని చట్రానికి ఒక వల సంచి కట్టి, అందరం థర్మోకోల్ కప్పుల మీద బొమ్మలు గీసి పంపుతాం. మూడున్నర కిలోమీటర్ల నీటి బరువుకి అవి నలిగి, ఆకారం చెడకుండా కుంచించుకుపోయి తిరిగొస్తాయి. టీ కప్పు మీద అమ్మ పేరు రాసి చుట్టూ చుక్కల ముగ్గు వేశాను. పైకొచ్చేసరికి బొటనవేలంత అయింది, చుక్కలన్నీ దగ్గరకి జరిగి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కడిగి, కుంకుమ పోసి దేవుడి గూట్లో పెట్టింది.